హెడ్డు రాలేదు, కారు లేచింది

మేనకోడలి పెళ్లి. మగపెళ్లివారిది పాతపట్నం. ఊరేగింపుకు పాత అంబాసిడర్ అయితే ఫొటోల్లో బాగుంటుందని పెళ్లికొడుకు ముచ్చటపడ్డాడు. మా నాన్నగారి మార్క్ 2 అంబాసిడర్ ఒడిశా పర్లాకిమిడిలో మా పెరట్లో ఎలాగూ పడి ఉంది. స్టార్ట్ చేస్తే వెనక నుంచి తెల్లటి పొగ. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల తెల్లటి జిడ్డు. అంటే గాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి, హెడ్డు దించాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ హెడ్డుకే.

కార్ల గొడవ తెలియనివారికి రెండు ముక్కలు. ఇంజన్‌లో కింద ఉండేది బ్లాకు, దాని మీద మూతగా కూర్చునేది హెడ్డు, మధ్యలో గాస్కెట్. బ్లాకు నుంచి నిలువుగా లేచిన ఉక్కు స్టడ్ల మీదికి హెడ్డును దించి నట్లు బిగిస్తారు. మా 1489 సీసీ ఇంజన్‌లో హెడ్డూ ఇనుమే, బ్లాకూ ఇనుమే. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే స్టడ్డుకూ దాని రంధ్రానికీ మధ్య తుప్పు చేరుతుంది, గాస్కెట్ రెండు వైపులా అతుక్కుపోతుంది. అప్పుడు నట్లన్నీ తీసేసినా హెడ్డు మాత్రం అక్కడే కూర్చుంటుంది.

మా మేస్త్రి అంబాసిడర్ల మధ్యనే జుట్టు నెరిసినవాడు. చెక్క సుత్తితో చుట్టూ తట్టాడు, చెవి పెట్టి విన్నాడు, పెదవి విరిచాడు. "పట్టీసినాది బాబూ. డీజిలూ కిరసనాయిలూ కలిపి స్టడ్ల సుట్టూ పోద్దాం. నాల్రోజులు నాననియ్యండి. అదే వొస్తాది."

నాలుగు రోజులు ఆగితే అందరికీ బాగుండేది. కానీ మా బావ ఉన్నాడు.

బావ అంటే పెళ్లికూతురి తండ్రి. రిటైరయ్యాక యూట్యూబులో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అమెరికాలో ఎవరో గడ్డపాయన వీడియో చూసి, ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి తాడు కుక్కి, హేండిల్‌తో ఇంజన్ తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడును నెడుతుందనీ, తాడు హెడ్డును లేపుతుందనీ చెప్పాడు. నిజానికి అది మంచి పద్ధతే, మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. కాకపోతే దానికి మెత్తటి నూలు తాడు కావాలి. బావ తెచ్చింది మా అక్క బట్టలారేసే నైలాన్ తాడు. అది లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు, హెడ్డునూ లేపలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి జానెడు నీలం తాడు, దాని చివర ఒక గులాబీ రంగు క్లిప్పు వేలాడుతూ మిగిలాయి. క్లిప్పు తీసేద్దామంటే బావ ఒప్పుకోలేదు. తాడు పూర్తిగా లోపలికి జారిపోకుండా అది ఆపుతోందట.

ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి హెడ్డుకూ బ్లాకుకూ మధ్య దూర్చబోయాడు. మేస్త్రి తన చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడ గీత పడిందంటే ఎన్ని కొత్త గాస్కెట్లు వేసినా కారుతూనే ఉంటుంది. ఆ పెనుగులాటలో సుత్తి నా బొటనవేలి మీద పడింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడిన ఊరు మాది. ఆ క్షణాన నా నోటినుంచి వచ్చిన వాడుక భాష వింటే ఆయన గ్రాంథికం వైపు తిరిగిపోయేవారు.

ఇక చైన్ కప్పీ సంగతి. కలప డిపో నుంచి అద్దెకు తెచ్చారు. ఎవరు తెచ్చారు, చింతచెట్టు కొమ్మకు ఎవరు కట్టారు, హెడ్డుకు రెండు వైపులా ఇనప పట్టీలు ఎవరు బిగించారు, అవన్నీ నాకు తెలియవు. నన్ను టీలకు పంపారు. నేను ఫ్లాస్కుతో తిరిగొచ్చేసరికి గొలుసు బిగుసుకుని ఉంది, కుర్రాడొకడు గలగలమని లాగుతున్నాడు, బావ టార్చి పట్టుకుని ఇంజన్‌లోకి తొంగి చూస్తున్నాడు.

"వస్తోంది!" అన్నాడు బావ. "లాగరా. వస్తోంది!"

వస్తున్న మాట నిజం. ముందు స్ప్రింగులు సాగాయి. బంపరు బావ మోకాళ్ల నుంచి నడుము దాకా లేచింది. బావ టార్చితో పాటు తానూ మునివేళ్ల మీద లేస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాడు. ఆయన హెడ్డునే చూస్తున్నాడు కాబట్టి ఆయన లెక్కలో హెడ్డు లేస్తోంది. నేను కింద చూస్తున్నాను. ముందు టైరుకూ నేలకూ మధ్యలోంచి పక్కింటి కోడి తలైనా వంచకుండా అటు నుంచి ఇటు నడిచిపోయింది.

హెడ్డు ఇంజన్‌ను వదల్లేదు. ఇంజన్ కారును వదల్లేదు. వెనక చక్రాలు నేల మీద, ముందు చక్రాలు గాల్లో, కొమ్మ ఆకులు మేస్తున్న మేకలా నిలబడింది మా నాన్నగారి అంబాసిడర్.

మేస్త్రి పరుగున వచ్చి ముందు చక్రాల కింద దుంగలు తోశాడు. దుంగలకూ టైర్లకూ మధ్య ఇంకా జానెడు ఖాళీ. సరే దించండి అంటే కప్పీ పట్టేసింది. పైకీ రాదు, కిందికీ రాదు. అద్దెకిచ్చినవాడికి ఫోన్ చేస్తే, "భోజనం చేసి వస్తానండి, అందాకా దాన్నలా ఉంచండి" అన్నాడు. వేరే ఎలా ఉంచగలమో అతనే చెప్పాలి. టన్ను పైచిలుకు ఇనుమును కొమ్మకు వేలాడదీసి, మేం కింద నిలబడి ఒక మనిషి పప్పుచారు అన్నం తినడం పూర్తయ్యేదాకా ఎదురుచూశాం. పెరుగన్నం కూడా తిన్నట్టున్నాడు.

ఈలోగా వీధి వీధంతా లోపలికొచ్చింది. మా గోడ అంత తక్కువ ఎత్తులో ఎందుకు కట్టించానా అనిపించింది. వచ్చిన ప్రతివాడూ "కొణొ హెలా మాస్టారూ?" (ఏమైంది మాస్టారూ) అని అడగడం, నేను ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పడం. ఒకాయన మొక్కు ఏమైనా ఉందా అని అడిగాడు. ఇద్దరు పిల్లలు సెల్ఫీ తీసుకున్నారు. ఎదురింటి ముసలమ్మగారు కొమ్మ వంక చూసి, "ఏటి బాబూ, ఇది మీ తాత నాటిన సెట్టు కదేటి, ఇరిగిపోతాది" అని కారును వదిలేసి చెట్టు కోసం బెంగపడింది.

బావ మాత్రం తొణకలేదు. వచ్చినవాళ్లందరికీ అంబాసిడర్ చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. బెంగాల్లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోవడం, 2017లో ఒక ఫ్రెంచి కంపెనీ ఆ పేరు ఒక్కదాన్నే 80 కోట్లకు కొనుక్కోవడం. "ఉత్తి పేరుకే 80 కోట్లు! అలాంటప్పుడు బండి మొత్తానికి ఎంత?" అని గాల్లో ఉన్న బండిని చూపించాడు. అక్కడితో ఆగకుండా దీన్ని వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తానన్నాడు. 2021లో రూల్ వచ్చింది, 50 ఏళ్లు దాటిన కార్లకు నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు, ఫీజు 20,000. ఆ రూల్ నేనూ చదివాను. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనకూ, పరిశోధనకూ, పాత కార్ల ర్యాలీకీ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకూ తప్ప రోడ్డెక్కించకూడదు. పెళ్లి ఊరేగింపు అందులో లేదు. మా కారు ప్రస్తుతం పూర్తి అర్హత సాధించింది రిపేరు ఒక్కదానికే. ఈ సంగతి బావతో చెప్పాలనుకున్నాను. ఆయన అప్పటికే ఎవరికో పిస్టన్ వ్యాసం 73 మిల్లీమీటర్లని చెబుతున్నాడు.

అప్పుడొచ్చారు మగపెళ్లివారు.

ఫోన్ చెయ్యలేదు, ఏమీ లేదు. పెళ్లికొడుకు తండ్రి "ఇటు పనుండి వచ్చాం, బండి ఓసారి చూసి పోదామని" అంటూ లోపలికొచ్చేశారు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, బంగారు అంచు కండువా. భారీ మనిషి. ఆయన కుర్చీ లాక్కుంటే కుర్చీయే సర్దుకుని కూర్చోవాలి.

కారు వంక చూశారు. కప్పీ వంక చూశారు. చివరికి ఆయన చూపు గులాబీ రంగు క్లిప్పు మీద ఆగింది.

"ఈ తాడేమిటి బావగారూ?"

"టెక్నిక్కండీ బావగారూ," అన్నాడు మా బావ.

ఆయన మర్యాదస్తుడు. ఇంకేమీ అడగలేదు. ఏదో ఒకటి మెచ్చుకోవాలి కదా అని బంపరు దగ్గరికి వెళ్లారు. "ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అప్పటి ఇనుము అప్పటిదే. ఇప్పటి బళ్లకివి ప్లాస్టిక్కు!" అంటూ రెండు చేతులూ బంపరు మీద ఆనించి, దాని గట్టిదనం మాకు చూపించడానికి, తన బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కారు.

మేస్త్రి "వద్దండీ!" అనేసరికే ఠంగుమని చప్పుడైంది.

డీజిలూ కిరసనాయిలూ చెయ్యలేనిది, అమెరికా గడ్డపాయన తాడు చెయ్యలేనిది, పాతపట్నం వియ్యంకుడి రెండు చేతులు చేశాయి. కారు దుంగల మీద పడి ఓసారి ఎగిరి సర్దుకుంది. హెడ్డు మాత్రం గొలుసుకు వేలాడుతూ, క్లిప్పుతో సహా నీలం తాడు ఊపుకుంటూ, గుండ్రంగా తిరుగుతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ బ్లాకుకు నీళ్లు వదిలేసే చిన్న కుళాయి ఒకటుంటుంది. అది ఎప్పుడో తుప్పుతో మూసుకుపోయింది. కాబట్టి మేం వదిలేశామనుకున్న నీళ్లు లోపలే ఉన్నాయి. హెడ్డులో మిగిలిందీ, బ్లాకులోంచి ఎగిరిందీ, పాతిక ముప్పై ఏళ్ల తుప్పు కలిసిన ఎర్రటి నీళ్లు, ఆయన లాల్చీ మెడ నుంచి పంచె కుచ్చిళ్ల దాకా వచ్చాయి.

పెరట్లో ఎవరూ మాట్లాడలేదు. అక్క వంటింట్లోంచి వచ్చి ఆయన్ని చూసి, రక్తమనుకుని కెవ్వుమంది.

"వచ్చేసింది!" అన్నాడు బావ. నిజంగా ఆ మాటే అన్నాడు.

సరిగ్గా అప్పుడే పళ్లు కుట్టుకుంటూ కప్పీవాడు వచ్చాడు. గొలుసు ఓసారి కదిపి చూసి, బానే తిరుగుతోందిగా అన్నాడు. పూర్తి రోజు అద్దె రాశాడు. కొమ్మ గీసుకుపోయి గొలుసు పాడైందని దానికి వేరే. వాడి కప్పీ పట్టేసినందుకు నష్టపరిహారం నేను కట్టాను. ఈ దేశంలో అద్దెకిచ్చేవాడితో ఎవడైనా నెగ్గినట్టు తెలిస్తే నాకు చెప్పండి.

హెడ్డు ఫేసింగుకని, అంటే అడుగు చదును చేయించడానికని, బరంపురం వెళ్లింది. మొన్న పెళ్లి ఊరేగింపు అద్దెకు తెచ్చిన తెల్లటి కొత్త బండిలో జరిగింది. వియ్యంకుడు భోజనాల దగ్గర నాతో ఉప్పందించమని తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. బావ మాత్రం పంక్తి పంక్తికీ తిరిగి, హెడ్డు ఎలా ఊడదియ్యాలో చెప్పాడు. ఆయన కథలో కప్పీ తర్వాత బంపరు మీద నొక్కడం ముందే వేసుకున్న ప్లాను.

ఇవాళ పొద్దున్నే ఫోన్. గుణుపురంలో ఎవరిదో ప్రీమియర్ పద్మినట. దాని హెడ్డు అల్యూమినియం, బ్లాకు ఇనుము, ఇంకా గట్టిగా పట్టేసిందట. వాళ్లు బావను పిలిచారట.

"మన వియ్యంకుణ్ణి కూడా రమ్మందామంటావా?" అని అడుగుతున్నాడు.

ఫోన్ పెట్టేశాను.