ఫేజ్ థెరపీ: ల్యాబ్‌లో గెలుపు, పడక దగ్గర ఆలస్యం

యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇన్ఫెక్షన్ల గురించి మాట్లాడినప్పుడల్లా ఫేజ్‌ల పేరు వస్తోంది. ఇవి బ్యాక్టీరియాను మాత్రమే పట్టి చంపే వైరస్‌లు. వీటితో వైద్యం కొత్తదేం కాదు. జార్జియాలోని టిబిలిసిలో 1923లో పుట్టిన ఎలియావా సంస్థ ఇప్పటికీ ఈ పనిలోనే ఉంది. అయినా చాలా దేశాల ఆసుపత్రుల్లో ఫేజ్ ఆఖరి ఆశగానే మిగిలింది. దీనికి అసలు కారణం సైన్స్‌లో కన్నా మన మందుల వ్యవస్థలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణాపాయంగా మారిన స్థితి) రోగికి, ఏ బ్యాక్టీరియానో చెప్పే కల్చర్ రిపోర్టు రాకముందే డాక్టర్ యాంటీబయాటిక్ మొదలుపెట్టగలరు. ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియానే చంపుతుంది కాబట్టి, ఫేజ్‌తో అలా కుదరదు. ముందు రోగి ఒంట్లోని బ్యాక్టీరియాను వేరు చేయాలి. దాన్ని ప్లేటు మీద పరిచి, దగ్గరున్న ఫేజ్‌లను ఒక్కొక్కటిగా చుక్క వేసి చూడాలి. చుక్క పడినచోట బ్యాక్టీరియా పొర కరిగి తేటబడితే ఆ ఫేజ్ పనికొస్తుందని లెక్క. ఆ తర్వాత దాన్ని పెంచాలి, చనిపోయిన బ్యాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని తొలగించాలి. ఈలోగా రోగి పరిస్థితి ఆగదు కదా! 2016లో అమెరికాలోని శాన్‌డియాగోలో, యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇన్ఫెక్షన్‌తో చావు అంచుకు వెళ్లిన టామ్ ప్యాటర్సన్ ఫేజ్ వైద్యంతో బతికారంటే, ఆయన భార్య స్వయంగా ఎపిడెమియాలజిస్టు (వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే నిపుణురాలు) కావడం, పలు ల్యాబ్‌లు పనులు పక్కనపెట్టి సాయపడడం వల్లే. అందరికీ ఆ అవకాశం ఉండదు.

పోనీ, ముందే తయారుచేసి ఉంచితే? కాలిన గాయాలపై యూరప్‌లో జరిగిన ఫాగోబర్న్ ట్రయల్‌లో 12 ఫేజ్‌ల మిశ్రమం వాడారు. మిల్లీలీటరుకు 10 లక్షల ఫేజ్‌లు ఉండాల్సింది, నిల్వలో శక్తి తగ్గిపోయి, గాయానికి చేరింది వందకు మించలేదు. సహజంగానే మామూలు చికిత్సే ముందు నిలిచింది. ఈ ఫలితాన్ని చూపి ఫేజ్ పనికిరాదనడం సరికాదు. అక్కడ ఓడింది తయారీ, నిల్వ.

ఫేజ్‌కూ బ్యాక్టీరియా ఎదురుతిరుగుతుంది. అయితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాపై వాడే ఓఎంకేఓ1 అనే ఫేజ్ విషయంలో ఓ మేలు కనిపించింది. దాన్ని తప్పించుకునే క్రమంలో బ్యాక్టీరియా, తనలోకి వచ్చిన మందును బయటికి నెట్టే పంపును దెబ్బతీసుకుని, మళ్లీ యాంటీబయాటిక్‌కు లొంగుతోంది. అందుకే రెండూ కలిపి వాడడమే మేలు.

రోగిని బట్టి మారే మందుకు, లక్షల మందికి ఒకటే మాత్ర ఇచ్చే రూల్స్ సరిపోవు. బెల్జియం దీన్ని గుర్తించి, డాక్టర్ రాసిన చీటీపై ఆ ఒక్క రోగి కోసం ఫార్మసీలో ఫేజ్ మందు తయారుచేసే వీలు కల్పించింది. మిగతా దేశాలూ ఒక్కో ఫేజ్‌కు విడిగా అనుమతి అడగడం మాని, తయారీ పద్ధతికి, రకరకాల ఫేజ్‌లను నిల్వ ఉంచే ఫేజ్ బ్యాంకుకు అనుమతి ఇవ్వాలి. మందు ఇచ్చే రోజు డోసు కొలవాలి. కోలుకున్నవారితో పాటు కోలుకోనివారి వివరాలూ నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచాలి.