నాలుగు సున్నాల ఔదార్యం

క్లౌడ్‌లోని ఫైల్ సిస్టమ్‌ను ఏ యంత్రం చూడవచ్చు, ఏది అందులో రాయవచ్చు, ఏది దాని దరిదాపులకే రాకూడదు అన్న ప్రశ్నలు ఒకప్పుడు మనుషులను బాగా వేధించేవి. ఆ బరువును మనుషుల నెత్తి మీద నుంచి దించి ఆన్సిబుల్ వంటి కాన్ఫిగరేషన్ ఆటోమేషన్ పనిముట్లకు అప్పగించిన తరువాత లోకానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ఈ పనిముట్లు ఆ ప్రశ్నలకు సమాధానం చెబుతాయని కొందరు అమాయకంగా నమ్ముతుంటారు గానీ, వాటి అసలు గొప్పతనం ఆ ప్రశ్నలు ఎవరికీ తట్టకుండా చూడడంలో ఉంది. నిర్ణయం తీసుకోవడమనే శ్రమ నుంచి మనకు లభించిన ఈ విముక్తికి తగినంత గౌరవం దక్కడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తోంది.

పాత పద్ధతి ఎంత కష్టమైనదో కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి తెలియకపోవచ్చు. నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో లోకానికి పరిచయం చేసింది. లినక్స్ సర్వర్లలో దాని లెక్కాపత్రమంతా ఈటీసీ డైరెక్టరీలోని ఎక్స్‌పోర్ట్స్ అనే చిన్న ఫైలులో ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ దాన్ని స్వయంగా తెరిచి, డైరెక్టరీ పేరు రాసి, పక్కన అనుమతించదలచిన యంత్రం పేరు రాసి, దానికి అంటుకునేలా బ్రాకెట్లలో హక్కులు రాసేవాడు. యంత్రం పేరుకూ బ్రాకెట్‌కూ నడుమ పొరపాటున ఒక ఖాళీ పడిందంటే ఆ యంత్రానికి డిఫాల్ట్ హక్కులు మిగిలి, బ్రాకెట్లో రాసిన హక్కులు లోకంలోని సమస్త యంత్రాలకూ వర్తించేవి. అంటే లోకమంతటికీ తలుపు తీయాలంటే కనీసం ఒక మనిషి, ఒక బొటనవేలు, ఒక స్పేస్ బార్ కావలసి వచ్చేవి. ఇంత మానవ శ్రమ మీద ఆధారపడిన వ్యవస్థ పెద్ద ఎత్తున పనికి రాదని వేరే చెప్పనక్కరలేదు.

క్లౌడ్ ఈ లోటును తీర్చింది. ఒరాకిల్ క్లౌడ్‌లోని ఫైల్ స్టోరేజ్ సేవనే తీసుకుందాం. అక్కడ ఫైల్ సిస్టమ్ ఒక వస్తువు, నెట్‌వర్క్‌లో ఐపీ చిరునామాతో నిలబడే మౌంట్ టార్గెట్ మరో వస్తువు, ఈ రెంటినీ కలిపే ముడి పేరు ఎక్స్‌పోర్ట్. ఒక మౌంట్ టార్గెట్ మీదుగా సాగే ఎక్స్‌పోర్ట్‌లన్నీ కలిసి ఒక ఎక్స్‌పోర్ట్ సెట్ అవుతాయి. ప్రతి ఎక్స్‌పోర్ట్‌కూ స్లాష్‌తో మొదలయ్యే ఒక పాత్, దానితో పాటు ఏ క్లయింట్‌కు ఏ హక్కు అని చెప్పే షరతుల జాబితా ఉంటాయి. చేయవలసిన పనులు రాసిపెట్టే ఫైలైన ఆన్సిబుల్ ప్లేబుక్‌లో ఎక్స్‌పోర్ట్ సెట్ ఐడీ, ఫైల్ సిస్టమ్ ఐడీ, పాత్ రాసి, స్టేట్ దగ్గర ప్రెజెంట్ అని పెడితే ఎక్స్‌పోర్ట్ తయారవుతుంది. షరతుల జాబితా ఐచ్ఛికం.

ఆ ఐచ్ఛికంలోనే ఉంది సొగసంతా. జాబితాను అసలు రాయకుండా వదిలేస్తే వ్యవస్థ అలగదు, ఆరా తీయదు. తనంతట తానే ఒక షరతు రాసుకుంటుంది: సోర్స్ 0.0.0.0/0, అంటే ఏ చిరునామా నుంచైనా రావచ్చు, చదవడానికీ రాయడానికీ హక్కు, ఎవరి గుర్తింపునూ స్క్వాష్ చేయనక్కరలేదు, అంటే అధికారాలు లేని అనామకుడిగా మార్చనక్కరలేదు, తక్కువ నంబరు గల ప్రివిలేజ్డ్ పోర్టు నుంచే రావాలన్న నియమం లేదు. అలా కాక ఎవరైనా అత్యుత్సాహంతో జాబితా మొదలుపెట్టి, సోర్స్ ఒక్కటే రాసి మిగతావి మరచిపోతే, అదే వ్యవస్థ ఉన్నట్టుండి మహా కఠినంగా మారిపోతుంది. అప్పుడు చదవడానికి మాత్రమే అనుమతి, రూట్ అనే సర్వాధికారికి స్క్వాష్, 1024 కంటే తక్కువ నంబరు గల పోర్టు నుంచి వచ్చినవారికే ప్రవేశం. నోరు మెదపనివాడికి సర్వహక్కులు, సగం మాట్లాడినవాడికి శిక్ష. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నది, ప్రోగ్రాములు క్లౌడ్‌ను ఆదేశించే ఈ ఏపీఐ రాకముందు. ఇక్కడ అది పూర్ణాంగీకారం.

ఈ ఏర్పాటు ఇంజినీర్లకు నేర్పే పాఠం చాలా స్పష్టంగా ఉంటుంది. బాధ్యత తెలిసిన ఒక కుర్రవాడు తన అప్లికేషన్ సర్వర్లున్న సబ్‌నెట్‌ను, అంటే ఆ నెట్‌వర్క్ ముక్కను, సోర్స్‌గా రాస్తాడు. అప్లికేషన్ ఒక్క ఫైలు కూడా రాయలేక లాగ్ నిండా ఎర్రర్లు కుమ్మరిస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఏ లక్షణానికి ఏ డిఫాల్టో వెతికే ఓపిక ఆ సాయంత్రం ఎవరికీ ఉండదు. అతడు ఎక్స్‌పోర్ట్‌ను తీసేసి, షరతులు లేకుండా మళ్లీ సృష్టిస్తాడు. క్షణంలో అన్నీ పనిచేస్తాయి. అతడు ఇక జీవితంలో ఆ తప్పు చేయడు, అంటే సోర్స్ రాయడు.

0.0.0.0/0 అంటే ఎన్ని చిరునామాలో ఒకసారి లెక్క వేసి చూడడం మంచిది: 4,29,49,67,296. దానకర్ణుడికి సైతం చేయి చాచినవాడు ఎదుట నిలబడితే గానీ దానం సాగేది కాదు. మనం అడగనివారికీ, ఇంకా బూట్ కాని సర్వర్లకూ ముందుగానే ఇచ్చేసి ఉంచాము. దీని మీద ఆక్షేపణ తెచ్చే చాదస్తులకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మౌంట్ టార్గెట్ ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉంది కదా, బయటివారెవరూ దాని దాకా రాలేరు కదా, నెట్‌వర్క్ వాళ్లు చూసుకుంటారు కదా అని స్టోరేజ్ బృందం చెబుతుంది. నెట్‌వర్క్ బృందం దగ్గరికి వెళితే, 111వ పోర్టునూ 2048 నుంచి 2050 దాకా ఉన్న పోర్టులనూ నెట్‌వర్క్ అంతటికీ తెరవక తప్పలేదనీ, ఎవరిని రానివ్వాలో ఎక్స్‌పోర్ట్ షరతులు చూసుకుంటాయనీ చెబుతుంది. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరి ఫైళ్లూ వెర్షన్ కంట్రోల్‌లోనే ఉన్నాయి. తిలాపాపం తలా పిడికెడు అన్న సూత్రాన్ని ఇంత చక్కగా ప్లేబుక్‌లు రాసే యామల్ భాషలోకి మార్చగలమని ఎవరు మాత్రం ఊహించారు!

లోపలికి వచ్చినవాడు ఎవరన్న విషయంలో కూడా మన మర్యాద తక్కువేమీ కాదు. ఈ సేవ మాట్లాడే ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ 1995 నాటిది. మామూలుగా వాడే గుర్తింపు పద్ధతిలో క్లయింట్ తన యూజర్ నంబరు సున్నా, అంటే తాను రూట్, అని చెబితే సర్వర్ దాన్ని నమ్ముతుంది, ఎందుకంటే చెప్పినవాడు పెద్దమనిషి అయి ఉంటాడన్నది దాని విశ్వాసం. రూట్ స్క్వాష్ పెడితే ఆ సున్నాను 65534గా మార్చి, అధికారాలు లేని అనామకుడిగా లోపలికి పంపుతుంది. పెట్టకపోతే సున్నా సున్నాగానే ఉంటుంది, దానితో పాటు మొత్తం ఫైల్ సిస్టమ్ మీద ఆధిపత్యం కూడా. ఎవరి వర్చువల్ మెషీన్‌లో వారే రూట్ అయిన ఈ రోజుల్లో కూడా నలభై ఏళ్ల నాటి ఆ పరస్పర గౌరవం చెక్కుచెదరలేదంటే ఆ ఘనత డిఫాల్ట్ విలువలదే.

ఇంత ముఖ్యమైన విషయాలు సమీక్ష లేకుండా అమలవుతాయని పాఠకులు అపోహ పడకూడదు. ప్రతి మార్పునూ పుల్ రిక్వెస్ట్‌గా పెట్టి, తోటి ఇంజినీరు చూసి ఆమోదించిన తరువాతే అమలు చేస్తారు. ఆ సమీక్ష ఎంత నిశితంగా సాగుతుందో చూడండి. తెర మీద ఒక లైను ఎర్రగా కనిపిస్తుంది: సోర్స్ 10.0.4.0/24. దాని కింద ఒక లైను ఆకుపచ్చగా కనిపిస్తుంది: సోర్స్ 0.0.0.0/0. పైన ఒక కామెంట్ ఉంటుంది: "తాత్కాలికం, టెస్టింగ్ అయ్యాక మార్చాలి." సమీక్షకుడు కళ్లు చికిలించి చాలాసేపు పరిశీలించి, "యాక్సెస్ అన్న లైను ఇండెంటేషన్‌లో రెండు స్పేసులు ఎక్కువ పడ్డాయి, సరిచేయగలరు" అని రాస్తాడు. రాసినవాడు వెంటనే సరిచేసి ధన్యవాదాలు చెబుతాడు. రాత తీరును చూసే లింట్ పరీక్ష నెగ్గుతుంది, ఆమోదం లభిస్తుంది, మార్పు మెయిన్ బ్రాంచ్‌లో కలుస్తుంది. తాత్కాలికమన్న ఆ కామెంట్ తరువాత మరో పదిచోట్లకు కాపీ అయి, సంస్థలో అన్నిటికంటే శాశ్వతమైన వాక్యంగా స్థిరపడుతుంది.

ఐడెంపొటెన్సీ అన్న మహత్తర గుణం రంగంలోకి దిగేది ఇక్కడే. ఒకే ప్లేబుక్‌ను ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే కావాలన్నది దాని అర్థం. మనిషి చేసిన పొరపాటుకు ఆయువు తక్కువ. ఎవరో ఒకరు చూసి దిద్దుతారు. ప్లేబుక్‌లో చేరిన పొరపాటును దిద్దడం అంత సులువు కాదు. ఒక రాత్రి అలారం మోగి, కాపలాలో ఉన్న ఇంజినీరు కంగారుగా కన్సోల్ తెరిచి, నాలుగు సున్నాలను చెరిపి సరైన సబ్‌నెట్ రాసి, తృప్తిగా పడుకుంటాడు. తెల్లవారుజామున షెడ్యూల్ ప్రకారం, ఆ ఎక్స్‌పోర్ట్ ఐడీ ముందే రాసి ఉన్న ప్లేబుక్ నడుస్తుంది, తన దగ్గరున్న సత్యానికీ క్లౌడ్‌లోని అసత్యానికీ తేడా కనిపెట్టి, నాలుగు సున్నాలను యథాస్థానంలో ప్రతిష్ఠించి, పసుపు రంగులో చేంజ్‌డ్ అని నివేదిస్తుంది. వృత్తి పరిభాషలో ఇంజినీరు చేసిన పనికి డ్రిఫ్ట్, అంటే దారి తప్పడం, అని పేరు, పనిముట్టు చేసినదానికి రెమెడియేషన్, అంటే దిద్దుబాటు, అని పేరు.

సరిచేయాలనుకున్నవాడు ప్లేబుక్‌లోనే సరిచేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు, ఆ ఎక్స్‌పోర్ట్ ఐడీ అతడి దగ్గర ఉంటే. ఐడీ ఇవ్వకపోతే, ఆన్సిబుల్‌లో ఎక్స్‌పోర్ట్‌ల పని చూసే మాడ్యూల్ మామూలుగా అన్ని లక్షణాలనూ పోల్చి చూసి, అచ్చంగా సరిపోయినదాన్నే పాతదిగా గుర్తిస్తుంది. షరతులు మారాయి గనుక దాని కంటికి ఇది వేరే ఎక్స్‌పోర్ట్. కొత్తది సృష్టించబోతుంది, ఆ పాత్ ముందే వాడుకలో ఉందని ఏపీఐ తిప్పికొడుతుంది. మాడ్యూల్‌లో ఫోర్స్ క్రియేట్ అనే మీట కూడా ఉంది. ఐడెంపొటెన్సీని పక్కన పెట్టి సృష్టికి ప్రయత్నించడం దాని అధికారిక వర్ణన. అదీ ఫలించకపోతే మన ఇంజినీరు నిరాశ చెందడు. మరో మౌంట్ టార్గెట్ మీద, ఈసారి పకడ్బందీ షరతులతో, అదే ఫైల్ సిస్టమ్‌కు కొత్త ఎక్స్‌పోర్ట్ తయారుచేసి, భద్రత పెంచామని టికెట్ మూసేస్తాడు. పాత ఎక్స్‌పోర్ట్ పాత మౌంట్ టార్గెట్ మీద యాక్టివ్‌గా అలాగే ఉంటుంది. ఒక ఎక్స్‌పోర్ట్‌లో కనిపించని ఫైల్ సిస్టమ్ మరో ఎక్స్‌పోర్ట్ ద్వారా అందవచ్చునని డాక్యుమెంటేషన్ చెబుతూనే ఉంది, కాని ఆ వాక్యం దాకా చదవాలంటే తీరిక ఉండాలి.

అమలుకు ముందు ఏం జరగబోతోందో చూపించే చెక్ మోడ్ కూడా ఉంది. దాన్ని బలపరచని మాడ్యూళ్లు ఆ పరుగులో ఏమీ చేయవు, ఏమీ చెప్పవు. ఏమీ చెప్పలేదు గనుక ప్రమాదమేమీ లేదని గ్రహించి ముందుకు సాగడం ఆనవాయితీ.

ఔదార్యానికి మరో కొస కూడా ఉందని ఒప్పుకోవాలి. జాబితా అసలు లేకుండా సృష్టిస్తే అందరికీ అన్నీ దక్కుతాయని చూశాం. జాబితా రాసి అందులో ఏమీ పెట్టకపోతే, అంటే రెండు చదరపు బ్రాకెట్లు మాత్రమే పంపితే, ఆ ఎక్స్‌పోర్ట్ ఏ క్లయింట్‌కూ కనిపించదు. ప్లేబుక్‌లో షరతులను ఒక వేరియబుల్ నుంచి తెచ్చుకుంటూ, అది దొరకకపోతే ఖాళీ జాబితా వాడమని రాయడం మంచి అలవాటని చాలామంది నమ్ముతారు. ఎవరో ఇన్వెంటరీ అనే సర్వర్ల జాబితాలో ఆ వేరియబుల్ పేరులో ఒక అక్షరం మారుస్తారు. ప్లేబుక్ నడుస్తుంది. చివరి పట్టికలో చేంజ్‌డ్ 1, ఫెయిల్డ్ 0. అదే నిమిషంలో ఆ ఫైల్ సిస్టమ్ మీద బతుకుతున్న అప్లికేషన్లన్నీ కూలబడతాయి. రెండు గంటలపాటు అందరూ అప్లికేషన్‌నే అనుమానిస్తారు, ఎందుకంటే స్టోరేజ్ డాష్‌బోర్డు ఆకుపచ్చగా ఉంది. సంఘటన తరువాత జరిగే విచారణ సమావేశంలో, ఇలాంటిది మళ్లీ జరగకుండా శాశ్వత చర్య తీసుకోవాలని అందరూ ఏకగ్రీవంగా అంగీకరిస్తారు. ఆ చర్య ఏమిటంటే, వేరియబుల్ దొరకనప్పుడు వాడవలసిన విలువను ఖాళీ జాబితా నుంచి 0.0.0.0/0కు మార్చడం.

కాలక్రమంలో ఒక ఫైల్ సిస్టమ్ అవసరం తీరిపోతుంది, దాని మీద పడే నెలవారీ ఖర్చు లెక్కల విభాగం కంట్లో పడుతుంది. ఎక్స్‌పోర్ట్ ఒక్కటి మిగిలి ఉన్నా ఫైల్ సిస్టమ్‌ను తొలగించనివ్వరు, కాబట్టి ముందుగా ఎక్స్‌పోర్ట్‌కు స్టేట్ యాబ్సెంట్ అని రాయాలి. అలా రాయాలంటే దాన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో తెలుసుకోవాలి. సృష్టించినవాడు ఉద్యోగం మారాడు. గిట్‌లోని మార్పుల చరిత్రలో మనిషి పేరుకు బదులు ఒక సర్వీస్ అకౌంట్ పేరు మాత్రమే ఉంది. ఎవరెవరికి అనుమతి ఉందో చూస్తే వాడుకరుల జాబితా తేలికగా దొరుకుతుందని ఒక అనుభవజ్ఞుడు సలహా ఇచ్చాడు. ఆ ప్రకారం చూడగా 4,29,49,67,296 చిరునామాలు తేలాయి. ఫైల్ సిస్టమ్‌ను తొలగించబోతున్నామని, అభ్యంతరాలుంటే 30 రోజుల్లోగా తెలపాలని వారందరికీ నోటీసు పంపే ప్లేబుక్ ప్రస్తుతం సమీక్షలో ఉంది. ఇప్పటివరకు ఇండెంటేషన్ మీద మాత్రమే అభ్యంతరాలు వచ్చాయి.