"మూలికే కదా, ఏమవుతుంది?" అనుకుని ఒంటికి రాసే ముందు

దురద, ఎగ్జిమా, చర్మం ఎర్రబారి మండటం గురించిన మెసేజ్ ఒకటి మళ్లీ తిరుగుతోంది, ఈ వారంలోనే నాకు ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: మూలికలు సహజం కాబట్టి హాని చేయవు. చర్మవ్యాధి అంటే రక్తం చెడిపోవడం, మూలికలు దాన్ని శుభ్రం చేసి జబ్బును వేళ్లతో సహా తీసేస్తాయి. వాడిన కొత్తలో దురద పెరిగితే లోపలి విషం బయటికి పోతున్నట్టు, ఆపకూడదు. స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పాడుచేస్తాయి, ఇవాళే పారేయండి. నాకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా ఉందని తెలుసు కాబట్టి పంపినవాళ్లు నా మంచి కోరే పంపారు. అయినా ఇందులో ఒక్కో మాటకీ జవాబు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇవన్నీ నమ్మి వాడినవాళ్లలో నేనూ ఉన్నాను.

"సహజం కాబట్టి హాని లేదు." దూలగొండి సహజమే, నూగు తగిలితే ఒళ్లంతా గోక్కోవాలి. నల్లజీడి సహజమే, దాని రసం పడిన చోట చర్మం బొబ్బలెక్కుతుంది. పచ్చి వెల్లుల్లి నూరి కట్టు కడితే నిప్పుతో కాలినట్టు గాయాలైన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే అందులో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే ఫ్యూరోకౌమరిన్లనే రసాయనాల వల్ల చర్మం కమిలి నల్లమచ్చలు మిగులుతాయి. బావంచాల్లో ఉండే సోరలెన్ కూడా ఆ జాతిదే. డాక్టర్లు దాన్ని సోరియాసిస్‌కి, బొల్లికి వాడారు, కానీ మోతాదు కొలిచి, అతినీలలోహిత కాంతిని కూడా కొలిచి ఇస్తారు, లెక్క తప్పితే ఒళ్లు కాలుతుంది. ఒక మొక్క చర్మం మీద పనిచేస్తుందంటే అందులో ఏదో బలమైన రసాయనం ఉన్నట్టే, ఆ బలం మంచే చేస్తుందని ఎవరూ రాసివ్వలేదు.

పైగా మనం మాట్లాడుతున్నది మామూలు చర్మం గురించి కాదు. ఎగ్జిమా ఉన్న చర్మంలో పై పొర అప్పటికే చిల్లులు పడి ఉంటుంది, రాసింది ఏదైనా తేలిగ్గా లోపలికి దిగుతుంది, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం కూడా ఎక్కువే. టీ ట్రీ నూనె, చామంతి జాతి పూల సారాలు, ఆర్నికా, పసుపు, వేప వీటన్నిటికీ అలర్జీ వచ్చినవాళ్లు ఉన్నారు. టీ ట్రీ నూనె సీసా మూత తీసి పాతబడేకొద్దీ గాలికి ఆక్సీకరణ చెంది అలర్జీ కలిగించే గుణం పెరుగుతుంది కూడా. కలబంద లోపలి గుజ్జు చాలామందికి హాయిగానే ఉంటుంది, కానీ ఆకు కోయగానే తొక్క కింద నుంచి కారే పసుపు జిగురు వేరే పదార్థం, అది మంట పుట్టించగలదు.

"రక్తం చెడిపోవడం వల్లే." ఇది వినడానికి బాగుంటుంది, చిన్నప్పుడు నేనూ నా రక్తం మంచిది కాదనే అనుకునేవాణ్ణి, ఎవరైనా నా చేతులు చూస్తే సిగ్గుపడేవాణ్ణి. అసలు విషయం వేరు. చర్మం పై పొరను గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఉంది, దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో తేలింది. గోడలో సిమెంట్ సరిగా లేకపోతే లోపలి తడి బయటికి పోతుంది, బయటి చెత్త లోపలికి వస్తుంది, దాంతో రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోతుంది. ఆ రెచ్చిపోవడంలో ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలది పెద్ద పాత్ర, వాటిని అడ్డుకునే డ్యుపిలుమాబ్ ఇంజెక్షన్ 2017 నుంచి వాడుకలో ఉంది. ఇందులో శుభ్రం చేయాల్సిన రక్తం ఎక్కడా లేదు.

ఇంకో చిక్కు మన మాటల్లోనే ఉంది. గజ్జి, తామర అని ఒక్క ఊపులో అనేస్తాం. గజ్జి చర్మంలో బొరియలు చేసే పురుగు వల్ల, తామర ఫంగస్ వల్ల వస్తాయి. ఎగ్జిమా ఈ రెండూ కాదు, అంటుకోదు కూడా. అన్నిటికీ ఒకే లేపనం అని రాసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

"జబ్బును వేళ్లతో సహా తీసేస్తాయి." మూలికలు అసలు పనిచేయవని నేను అనను, అది కూడా అబద్ధమే అవుతుంది. కలెండ్యులా పూల లేపనాన్ని ఫ్రాన్స్‌లో రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 254 మంది మీద పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఇంకో లేపనం వాడినవాళ్లలో 63 శాతం మందికి చర్మం ఒక మోస్తరు లేదా అంతకు మించి దెబ్బతింటే, కలెండ్యులా వాడినవాళ్లలో అది 41 శాతం. సోరియాసిస్‌కి వాడే డిత్రనాల్ అనే పైపూత మందు పుట్టుక కూడా ఒక చెట్టు నుంచి తీసిన పొడిలోనే ఉంది. మెత్తగా పొడిచేసిన ఓట్స్ దురదను తగ్గిస్తాయి.

కానీ ఎగ్జిమా విషయానికొస్తే కథ అంత సాఫీగా లేదు. 1992లో లండన్ డాక్టర్లు పది చైనా మూలికల కషాయాన్ని పరీక్షిస్తే పిల్లల్లోనూ పెద్దల్లోనూ మంచి ఫలితాలొచ్చాయి, అప్పట్లో అందరూ ఆశ పెట్టుకున్నారు. తర్వాత 1999లో హాంకాంగ్‌లో అదే కషాయాన్ని పరీక్షిస్తే ఉత్తుత్తి కషాయం కంటే మెరుగని తేలలేదు. ఈలోగా చైనా మూలికలు తాగిన ఎగ్జిమా రోగుల్లో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు కూడా బయటపడింది. వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013లో 28 అధ్యయనాలను కలిపి చూసి, చైనా మూలికలు ఎగ్జిమాను తగ్గిస్తాయని చెప్పడానికి గట్టి ఆధారం లేదంది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే పూలమొక్క గింజల నూనె అయితే బ్రిటన్‌లో ఎగ్జిమాకు మందుగా లైసెన్స్ కూడా పొందింది, పనిచేస్తుందన్న రుజువు చాలక 2002లో ఆ లైసెన్స్ వెనక్కి తీసుకున్నారు.

మరి "నాకు తగ్గింది" అనేవాళ్ల మాట? తగ్గే ఉంటుంది. ఎగ్జిమా పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు, చాలామంది పిల్లల్లో వయసుతో పాటు దానంతటదే నెమ్మదిస్తుంది. మనం కొత్త మందు ఎప్పుడు మొదలుపెడతాం? బాగా ముదిరినప్పుడు. ముదిరింది కొన్నాళ్లకు ఎటూ కాస్త దిగుతుంది, ఆ పేరు అప్పుడు చేతిలో ఉన్న సీసాకి పోతుంది.

"మంట పెరిగితే విషం బయటికి పోతోంది." మెసేజ్ మొత్తంలో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. రాసిన చోట మంట, వాపు, నీటి పొక్కులు వచ్చాయంటే చర్మం ఆ మందు వద్దంటోందని అర్థం. మందు వాడాక దురద తగ్గితే మందు గొప్ప, పెరిగితే ఇంకా గొప్ప అన్నప్పుడు అది తప్పని తేలే దారే లేకుండా చేశారు. ఎగ్జిమా మీద హెర్పిస్ వైరస్ సోకితే ఒకే సైజు చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచి, నొప్పి, జ్వరం వస్తాయి, అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. అప్పుడు "విషం పోతోంది" అని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక స్టెరాయిడ్ల సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, బలమైన స్టెరాయిడ్‌ను ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మానేయగానే ఎర్రగా మండుతుంది. కానీ 1952 నుంచి చర్మానికి వాడుతున్న హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ బలం వేరు, క్లోబెటసాల్ అనే చాలా ఘాటైన స్టెరాయిడ్ బలం వేరు, రెంటినీ ఒకే గాట కట్టకూడదు. ఎంత రాయాలో కూడా లెక్క ఉంది: పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. సరైన బలంది, సరైన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అది కాపాడే మందే. "ఇవాళే పారేయండి" అన్న సలహా అయితే ప్రమాదం, వారాల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవాళ్లు దీన్ని విని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణాపాయం.

అసలు బాధ ఏంటంటే, స్టెరాయిడ్‌కి భయపడి మూలికల వైపు వెళ్లినవాళ్లకు చాలాసార్లు దొరికేది స్టెరాయిడే. 1999లో లండన్‌లో చర్మవ్యాధులకిచ్చిన 11 చైనా మూలికల క్రీముల్ని పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. 2003లో బర్మింగ్‌హామ్ డాక్టర్లు ఎగ్జిమా ఉన్న పిల్లలకు వాడుతున్న 24 మూలికల క్రీములు తీసుకుంటే 20 క్రీముల్లో స్టెరాయిడ్లు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం బలమైనవే. నాకూ అలాంటి డబ్బా ఒకటి చేతికొచ్చింది. మూత మీద ఆకు బొమ్మ ఉంది, దినుసుల పేర్లు లేవు. మూడు రోజుల్లో ముఖం అద్దంలా అయింది, ఇన్నేళ్లకు మందు దొరికిందని ఏడ్చేశాను. నాలుగు నెలల తర్వాత డబ్బా అయిపోయింది, వారం తిరగకముందే ముఖమంతా ఎర్రగా వాచి, నీళ్లు తగిలినా భగ్గుమనేది. నన్ను చూసిన డాక్టర్ మొదట అడిగిందే "ఏ స్టెరాయిడ్ వాడారు?" అని. నేను వాడలేదన్నాను, అదే నిజమని నమ్మాను కూడా. రెండు మూడు రోజుల్లో మాయ చేసి, ఆపగానే తిరగబెట్టే పేరులేని క్రీమ్ మీ ఇంట్లో ఉంటే, దయచేసి దాన్ని డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి, ఎలా మానాలో వాళ్లే చెప్తారు.

మెసేజ్ పంపిన ముగ్గురిలో ఒకరింట్లో ఏడాది నిండని పాప ఉంది, బుగ్గల మీద ఎగ్జిమా. ఆమెకు మాత్రం వెంటనే ఫోన్ చేశాను. వాసన లేని మాయిశ్చరైజర్ స్నానం అవగానే రాయమన్నాను, ఆలివ్ నూనె రాస్తున్నానంటే అది చర్మం పై పొరను ఇంకా బలహీనం చేస్తుందని చెప్పి మాన్పించాను. వేపనూనె రెండు చుక్కలు నోట్లో వేయమని ఎవరో చెప్పారట. పసిపిల్లల్లో అది వాంతులు, మత్తు, ఫిట్స్ తెచ్చిన కేసులున్నాయి, పిల్లలు చనిపోయారు కూడా. ఆ సీసా పారబోసే దాకా నేను ఫోన్ పెట్టలేదు.