మూడు మిల్లీమీటర్ల పరువు

ఫోన్ తెరిస్తే చాలు, ఒక చెయ్యి ప్రత్యక్షం. ముఖం ఉండదు, ఊరూ పేరూ ఉండవు. ఒట్టి గాజుల చెయ్యి. అది టైల్స్ సందుల్లో వంట సోడా చల్లుతుంది, పైన వెనిగర్ పోస్తుంది. బుస్సుమని నురగ లేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో అలా అనగానే నల్లటి గీత కాస్తా తెల్లగా తళతళలాడిపోతుంది. మధ్యలో ఎక్కడో వీడియో ఒకసారి ఉలిక్కిపడినట్టు కదులుతుంది. అలాంటివి పట్టించుకునేవాళ్లు జీవితంలో పైకి రారు.

ఆ నురగ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఆమ్లాన్నీ క్షారాన్నీ కలిపితే ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటాయని, పైకి పోయేది కార్బన్ డయాక్సైడ్ అని, కింద మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్లని హైస్కూల్లో అందరం చదువుకున్నాం. విడివిడిగా అయితే సోడా రుద్దడానికైనా పనికొస్తుంది, వెనిగర్ బోరు నీళ్ల ఉప్పు చారల్ని కరిగిస్తుంది. రెంటినీ కలిపి రెంటినీ చెడగొట్టడమే ఈ చిట్కా. అయినా బుస్సుమంది కదా! బుస్సుమన్నదానికి ఉన్న విలువ పనిచేసేదానికి మన దగ్గర ఎప్పుడుందని?

ఇక ఆదివారం పొద్దున ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా చూడండి. వీడియో చూసిన గృహస్థు లుంగీ ఎగగట్టి వంటింట్లోకి దిగుతాడు. వారమంతా మంచినీళ్ల కోసం తప్ప ఆ గదిలో అడుగుపెట్టని మనిషి. "నిమ్మకాయలెక్కడున్నాయే?" అంటాడు. "పులిహోరకి తెచ్చానండీ, ముట్టుకోకండి" అంటుంది ఆవిడ. ఆ మాట పూర్తయ్యేలోపే అన్నీ కోసేశాడు. నిమ్మరసం అయింది, సోడా అయింది, పిల్లల టూత్‌పేస్టు అయింది, కడుపుబ్బరానికి తాగే పొడి కూడా అయింది. పొయ్యి వెనక గోడకి నైవేద్యాలన్నీ అందాయి. గోడ కరుణించలేదు. పోపు చిటపటల నూనెకి పసుపు తోడై ఏళ్ల తరబడి ఇంకిన సందు అది. ఈయన పట్టు వదలకుండా బట్టల సోడా నీళ్లలో కలిపి పూశాడు. పచ్చటి గీతలన్నీ ఎర్రబడ్డాయి. ఆవిడ వచ్చి చూసి, "గోడకి పారాణి పెట్టారేంటండీ?" అంది. సరిగ్గా అదే జరిగింది మరి. సున్నం పడితే పసుపు ఎందుకు ఎర్రబడుతుందో, ఇదీ అందుకే. పసుపుకి క్షారం తగిలింది. ఈయన మాత్రం "మురికంతా బయటికొస్తోంది" అని తేల్చి, ఫొటో తీసి, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టాడు. వరసగా చప్పట్ల బొమ్మలు. ఓ పెద్దాయన కిరసనాయిలు వాడి చూడమన్నాడు. సెక్రటరీగారు మెయింటెనెన్స్ బాకీల జాబితా మళ్లీ పెట్టారు. ఇంకొకాయన గుడ్ మార్నింగ్ అన్నాడు.

నిజానికి పసుపు రంగు ఎండకి నిలవదు. నాలుగు రోజులు ఎండ పడనిస్తే మరక చాలావరకు దానంతటదే వెలిసిపోతుంది. కానీ మన వంటింటి కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల పోపుడబ్బా చేతికందుతుంది. సూర్యుడికి అక్కడ పార్కింగ్ లేదు.

అసలు ఆ సందులో ఉన్నదేమిటి? ఫ్లాటు అమ్మేటప్పుడు ఇచ్చే నున్నటి పుస్తకంలో కుళాయి ఏ కంపెనీదో రాస్తారు, లిఫ్టులో ఎంతమంది పడతారో రాస్తారు. టైల్స్ జాయింట్లలో ఏం కూరారో రాసిన బిల్డర్ ఉంటే చెప్పండి, సన్మానం చేద్దాం. మేస్త్రీ వైట్ సిమెంట్ నీళ్లలో కలిపి, సందుల్లోకి తోసి, గుడ్డతో తుడిచి వెళ్లిపోయాడు. సిమెంట్ నిండా కంటికి కనపడని రంధ్రాలు. నూనె, సబ్బు నీళ్లు, ఒంటి జిడ్డు, ఏది తగిలితే అది పీల్చుకుంటుంది. బాత్రూంలో తడి ఆరదు కాబట్టి బూజు కూడా పడుతుంది. తడి గదులు రెంటికీ నీళ్లు పీల్చేదాన్ని, అందులోనూ తెల్లటిదాన్ని, ఏరికోరి పెట్టించుకుని, అది నల్లబడిందేమిటని ఏటేటా ఆశ్చర్యపోతున్నాం. టైల్ పగల్లేదు. గోడ కూలలేదు. 3 మిల్లీమీటర్ల గీత మాసింది. దాంతో వంశం పరువు పోయింది. పైగా సంక్రాంతికి వియ్యపురాలు వస్తోంది.

వియ్యపురాలు వస్తోందంటే ఇంట్లోకి యాసిడ్ వస్తుంది.

యాసిడ్ అమ్మాలంటే కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్లో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన వీధిలోకి మాత్రం అది "యాసిడ్... ఫినాయిల్..." అని కేకేసుకుంటూ బండి మీద వస్తుంది. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇస్తారు. రిజిస్టర్ సంగతి దేవుడెరుగు, సీసా మీద చీటీ కూడా ఉండదు. దాన్ని నేల మీద పోసేదెవరు? పనమ్మాయి. ఒట్టి చేతులు, ఒట్టి కాళ్లు, చెయ్యంత వెంటిలేటర్ ఉన్న బాత్రూం. "ఆ మూల వదిలేశావు చూడు, ఇంకాస్త గట్టిగా రుద్దు" అని అమ్మగారు గుమ్మం దగ్గర నించుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చెబుతుంది. ఆ ఘాటు బయటున్న ముక్కుకి తెలిసినప్పుడు, లోపల ఉన్న మనిషికి ముక్కు లేదా? పని నెమ్మదిగా సాగితే "అందులోనే కాస్త బ్లీచింగ్ కూడా వెయ్యి" అంటుంది. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాస్. 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది దాన్నే. యుద్ధంలో శత్రువు మీద కూడా విషవాయువులు వాడొద్దని 1925లో జెనీవాలో దేశాలు సంతకాలు పెట్టాయి. మనకి ఏ సంతకాలూ వర్తించవు. మన ఇల్లు, మన బాత్రూం, మన పనమ్మాయి. ఆ పిల్ల దగ్గితే "ఎప్పుడూ ఏదో ఒక వంక" అంటాం. వేళ్ల సందుల్లో ఊడొచ్చిన తోలు చూపిస్తే కొబ్బరినూనె రాసుకోమంటాం. గీత సందు తెల్లబడింది కదా, వేళ్ల సందు ఏమైపోతేనేం! వియ్యపురాలి కోసం తెప్పించిన స్వీట్ల ఖర్చులో ఓ మూలకి రాదు, రబ్బరు గ్లౌజుల జత. అదైనా కొనివ్వని కొంప ఎంత తెల్లగా ఉంటే మాత్రం ఎవడిక్కావాలి?

పోనీ యాసిడ్ వల్ల ఒరిగిందేమైనా ఉందా అంటే, అదీ లేదు. సిమెంట్లో ఉన్న సున్నాన్ని కరిగించి పైపొర తినేసింది. మురికితోపాటు గీతా పోయింది. నాలుగు రోజులు తెల్లగా కనిపించి, గరుకెక్కిన సందు మునుపటికంటే జోరుగా మురికి పట్టింది. ఉగాదికి మళ్లీ సీసా. దసరాకి మళ్లీ సీసా. చివరికి కింది ఫ్లాటాయన పైకొచ్చి, "మీ బాత్రూం నీళ్లు మా సీలింగులోంచి పడుతున్నాయండీ" అన్నాడు.

అప్పుడు మేస్త్రీని పిలిచారు. జాయింట్లన్నీ గీకి తీసేసి ఎపాక్సీ నింపుదామన్నాడు. ఖరీదెక్కువే గానీ నీళ్లు పీల్చదు, సబ్బు నీళ్లతో తుడుచుకుంటే చాలన్నాడు. రంగుల కార్డు తీసి ముందు పెట్టాడు. బూడిద రంగు ఉంది, గోధుమ రంగు ఉంది, కాఫీ రంగు ఉంది. "ముదురు రంగు తీసుకోండి సార్, మాసినా కనపడదు" అని మంచి మాట కూడా చెప్పాడు. గృహస్థు కార్డుని అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురులో పెట్టి చూసి, భార్యతో ఓ నిమిషం పక్కకెళ్లి మాట్లాడి వచ్చాడు.

"తెలుపే పెట్టవయ్యా. నీట్‌గా ఉంటుంది."