సెలవుల మీద కట్టిన వంతెన

మా మేనల్లుడు 2025 ఏప్రిల్ 1న, రంజాన్ మర్నాడు, పదో తరగతి సోషల్ పేపర్ రాసి బయటికొచ్చాడు. గేటు దగ్గర వాళ్లమ్మ కంటే ముందు కాలేజీ వాళ్లు వాడికి మంచినీళ్ల ప్యాకెట్ అందించారు. దాంతోపాటు ఒక పెన్ను, ఒక కరపత్రం, ఒక పరీక్ష అట్ట. పరీక్షలయిపోయాక అట్టెందుకండీ అని మా అక్క అడిగింది. ‘ఇంకా ముందుంది కదా మేడమ్’ అన్నాడాయన. పిల్లల భవిష్యత్తు గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అప్పటినుంచీ నాదొకటే మాట. బాల్యవివాహాల్ని రూపుమాపాం, వెట్టిచాకిరీని నిషేధించాం, వేసవి సెలవులనే దురాచారాన్ని మాత్రం ఇంకా ఇంట్లో పెట్టుకుని మేపుతున్నాం. దాన్ని సమూలంగా నిర్మూలించడానికి మన రాష్ట్రాల కార్పొరేట్ జూనియర్ కాలేజీలు చేస్తున్న కృషికి రావలసినంత గుర్తింపు రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

అసలు పదిహేనేళ్ల కుర్రాడు సెలవుల్లో ఏం చేస్తాడు? తొమ్మిదింటికి లేస్తాడు. అమ్మమ్మ ఊరెళ్లి బోరు కింద తల పెడతాడు. కోసి మగ్గబెట్టిన మామిడికాయల మీది గడ్డి రోజుకు మూడుసార్లు తీసి చూస్తాడు. అంతవరకైతే భరించవచ్చు. నలభై రోజులు అలా ఊరికే ఉన్న మనిషికి ఏదో ఒక మధ్యాహ్నం ఆలోచన వస్తుంది, అసలు ప్రమాదం అక్కడుంది. మా వీధిలో ఒకడికి వచ్చింది. లెక్కల ఎంపీసీ వద్దు, చరిత్ర ఉండే హెచ్‌ఈసీ తీసుకుంటానన్నాడు. వాళ్ల నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు వాళ్ల పెదనాన్న గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చి, కుర్రాణ్ణి డాబా మీదికి తీసుకెళ్లి గంటన్నర మాట్లాడాక గానీ ఇల్లు కుదుటపడలేదు. పరీక్షయిన వారంలోపే హాస్టల్లో వేసి ఉంటే ఆ కుటుంబానికి ఇంత అప్రతిష్ట తప్పేది కదా.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. సెలవుల్లో ఫలితాలు వస్తాయి. ఆ మార్కులు చూసుకుని నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడదామనో, పాలిసెట్ రాశాం కదా డిప్లొమా చేద్దామనో, ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీకి సైకిల్ మీద వెళ్లొస్తాననో పిల్లలు అడ్డం తిరగొచ్చు. అప్పటికే ఫీజు మొదటి వాయిదా కట్టేసి, పరుపు కొనేసి, ట్రంకు పెట్టె మీద పేరు రాయించేసి ఉంటే ఇలాంటి చాపల్యాలకు తావుండదు. కట్టిన డబ్బు వెనక్కి రాదన్న ఒక్క మాట పిల్లలకిచ్చే స్థిరచిత్తం ఏ యోగాసనమూ ఇవ్వలేదు.

మా బావ మాత్రం సంక్రాంతికే తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఆ రోజు మా వాకిట్లోకి వచ్చినాయన ఎవరనుకున్నారు? ఆ కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. ఎమ్మెస్సీ చదివాడు. చంకలో రసీదు పుస్తకం, చేతిలో మా వీధి పదో తరగతి పిల్లల జాబితా. ఫోన్ నంబర్లతో సహా. ఎక్కడ దొరికిందని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాం. మజ్జిగ తాగుతూ, ఇంకా ఆరు అడ్మిషన్లు తేవాలండీ, లేకపోతే జీతం ఆపుతారు, అని చాలా మామూలుగా చెప్పాడు. ఈ రోజు బుక్ చేస్తే రాయితీ అన్నాడు, రేపైతే లేదన్నాడు. బావ లోపలికెళ్లి డబ్బు తెచ్చాడు. ఆ రాయితీ మార్చి నెలాఖరు దాకా అలా రోజూ ఆ ఒక్కరోజే ఉంటూ వచ్చిందని తర్వాత తెలిసింది. ఇక్కడ ఒక సందేహం రావడం సహజం: లెక్కల మాస్టారు వీధులు తిరుగుతుంటే లెక్కలు చెప్పేదెవరు? సందేహాలు రావడానికి స్టడీ అవర్ ఉంది, అప్పుడు అడగాలి.

ఇలా వేసవిలో నడిపే చదువుకి పెట్టిన పేరు బ్రిడ్జి కోర్సు. పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య పెద్ద అగాధం ఉందట, దాని మీద వంతెన. లాగరిథమ్స్, వెక్టర్స్, కాస్త డిఫరెన్సియేషన్. పదేళ్లు బడికి పంపితే ఆ అగాధాన్ని ఎవరూ పూడ్చలేదేమని అడక్కండి, పూడిస్తే వంతెనకు టోల్ ఎవరు కడతారు?

చట్టం సంగతేమిటని కొందరు సణుగుతారు. చట్టానికి ఇబ్బందేమీ లేదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు ఆ ఏడాది సెకండియర్ తరగతుల్ని ఏప్రిల్ 1నే మొదలుపెట్టించి, 24 నుంచి వేసవి సెలవులిచ్చి, జూన్ 2న మళ్లీ తెరవమంది. సెలవుల్లో తరగతులు నడిపితే కఠిన చర్యలు తప్పవని బోర్డుల హెచ్చరిక కూడా ఏటా, కోయిల కూసే రోజుల్లోనే, క్రమం తప్పకుండా పేపర్లో వస్తుంది. మా అక్క ఆ వార్తను కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించింది. ఇక కేంద్రం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. పదహారేళ్లు నిండని వాళ్లను చేర్చుకోకూడదు, లేదా సెకండరీ పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలి. ఆ ‘లేదా’ అనే మాటను జాగ్రత్తగా చూడండి. రెండక్షరాల మీద వంతెన కట్టగల ఇంజినీర్లు మన దగ్గర తప్ప ఎక్కడా లేరు. పైగా ఇది కోచింగ్ సెంటర్ కాదు, కాలేజీ. సెలవుల్లో అది కాలేజీ కూడా కాదు, హాస్టల్. అక్కడ పిల్లలు ఉంటున్నారంతే, ఉంటూ ఉంటే మధ్యమధ్యలో పాఠాలు వినబడుతుంటాయి.

వాడు ఏప్రిల్ రెండో వారంలో చేరాడు. ఏసీ క్యాంపస్ అన్నారు. ఏసీ ఉన్నది నిజమే, ఆఫీసు గదిలో ఉంది. ఉదయం అయిదింటికి గంట కొడతారు, రాత్రి పదిన్నరకు లైట్లు తీస్తారు. ఆదివారం వీకెండ్ టెస్ట్. దాని మార్కుల్ని బట్టి సెక్షన్ మారుస్తారు. సెక్షన్‌తో పాటు గదీ మారుతుంది కాబట్టి, పక్కమంచం వాడి పేరు తెలిసేలోపు పక్కమంచం వాడు మారిపోతాడు. రెండో భాషగా సంస్కృతం ఇప్పించారు. వాడికి తెలుగంటే ఇష్టం, పద్యాలు రాగం తీసి పాడతాడు. తెలుగులో మార్కులు రావని ఫ్లోర్ ఇన్‌ఛార్జి మా అక్కకు నచ్చచెప్పాడు. తెలుగులోనే.

ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలొచ్చాయి. అప్పటికి మావాడు ఇంటర్ ఫిజిక్స్‌లో రెండో చాప్టర్‌లో ఉన్నాడు. పది పాసవకుండానే ఇంటర్ విద్యార్థి, బోర్డు లెక్కల్లో ఎక్కడా లేడు, హాస్టల్ హాజరుపట్టీలో మాత్రం రోజుకు నాలుగుసార్లు ఉన్నాడు. ఇంట్లో మేమంతా ఫోన్లు పట్టుకుని ఆరువందలకు అయిదువందల అరవై మూడు అని అరుచుకున్నాం. స్వీట్లు పంచాం. వాడికి ఆ సంగతి ఆ సాయంత్రం స్టడీ అవర్లో ఇన్‌ఛార్జి చెప్పాడు. ‘సరే, కూర్చో’ అన్నాడట. నాకు ఆ తూకం నచ్చింది. గీతలో స్థితప్రజ్ఞుడి లక్షణాలు చదివాను గానీ చూసింది ఇదే మొదటిసారి.

మే నెలలో రెండో ఆదివారం మేం చూడ్డానికి వెళ్లాం. ఎండ ఎలా ఉందంటే, కారు తలుపు ముట్టుకోలేకపోయాం. మా అక్క బంగినపల్లి పళ్లు ఒక బుట్టెడు, కొత్తావకాయ ఒక డబ్బా తెచ్చింది. పళ్లు లోపలికి రానివ్వం, చీమలు పడతాయని గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. సరే, వేపచెట్టు కింద కూర్చోబెట్టి అక్కడే కోసి పెట్టింది. వాడు మూడు తిన్నాడు, టెంకతో సహా చీకాడు. బాగా చిక్కాడు గానీ ముఖంలో ఏదో వెలుగుంది. ఏంట్రా సంగతని అడిగాను.

మొన్న గురువారం తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారని ముందుగానే ఫోనొచ్చిందట. రెండు నిమిషాల్లో బోర్డులు తుడిపించారు. చెప్పులు వరండాలో ఉంటే లెక్క తెలిసిపోతుందని, ఎవరి చెప్పులు వాళ్లు చేత్తో పట్టుకోమని, మూడు సెక్షన్ల పిల్లల్ని వరుసగా డాబా మీదికి ఎక్కించి తలుపు గడియ పెట్టారు. కింద ఆఫీసర్లు ఏసీ గదిలో కూర్చున్నారు. పైన వీళ్లు నీళ్ల ట్యాంకు నీడలో. నలభై నిమిషాలు. గట్టిగా మాట్లాడకూడదన్నారు కాబట్టి మాట్లాడలేదు. సీసా మూతని బంతి చేసి, చెప్పుని బ్యాటు చేసి క్రికెట్ ఆడారట. అవుటయినవాడు కూడా నోరు మూసుకునే గొడవపడ్డాడట. ప్రహరీ అవతల మామిడితోట కనిపించిందనీ, అందులో ఎవరో ముసలాయన మంచం వేసుకుని పడుకున్నాడనీ చెబుతుంటే వాడి గొంతు మారింది. పక్కమంచం వాడి పేరు కూడా అక్కడే తెలిసిందట.

గంట కొట్టారు. వాడు చేతులు కడుక్కుని లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

“మావయ్యా, నువ్వు పేపర్లలో రాస్తావు కదా, ఆ ఆఫీసర్లు మళ్లీ ఎప్పుడొస్తారో కనుక్కోవా?”