వలసా? అబ్బే, ఉపాధి!

వాతావరణం మారిపోయి పల్లెలు ఖాళీ అవుతున్నాయని, నీళ్ల కోసం జనం కొట్టుకుంటున్నారని కొందరు మేధావులు ఊరికే టెన్షన్ పెడుతున్నారు. ఈ దుష్ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. నా దగ్గర కాగితాలున్నాయి.

2011 జనగణననే తీసుకోండి. ఊరెందుకు మారావని అడిగి పని, వ్యాపారం, చదువు, పెళ్లి అంటూ గడులిచ్చారు. కరువుకు గడి లేదు. అనంతపురం రైతు శెనక్కాయ పంట ఎండిపోయి, ముసలోళ్లను ఇంటికి కాపలా పెట్టి, బెంగళూరులో పునాదులు తవ్వడానికి పోతే ‘పని’ గడిలో పడతాడు. భార్య ‘కుటుంబంతో పాటు’ గడిలో. అంటే కరువు ఉపాధి కల్పిస్తోందన్నమాట! 1951 నాటి శరణార్థుల ఒప్పందమూ నా పక్షమే. జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాలతో వేధింపులకు భయపడి దేశం దాటినవాడే శరణార్థి. మబ్బు వేధించిందంటే చెల్లదు. పైగా మనవాడు దాటింది హిందూపురం అవతలి రాష్ట్ర సరిహద్దే కదా.

వాన సంగతంటారా, ఆ జిల్లాకు ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. సగటంత ఓదార్పు మరొకటి లేదు. విత్తనం వేశాక వాన నెలరోజులు మొహం చాటేసి, కాయలు పీకే వేళకు ఒక్క రాత్రిలో కుమ్మరించినా ఆ సగటు చెక్కుచెదరదు. 2021 నవంబరు 19న పక్కనున్న కడప జిల్లాలో చెయ్యేరు పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, మనుషులు, ఇళ్లు కొట్టుకుపోయినప్పుడు కూడా వర్షపాతం పట్టికలో లోటన్న మాటే లేదు.

ఇక తగాదాలు. అన్న చేలో బోరు 400 అడుగులు. తమ్ముడు నీళ్ల జాడ చూడ్డానికి అరచేతిలో పెట్టిన కొబ్బరికాయ నిలబడినచోట తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు లారీని పెట్టించి 800 దాకా దించుతాడు. అన్న బోరులో గాలి వస్తుంది. బోరు వేయడానికి అనుమతి కావాలని 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చారు, కానీ లారీ వచ్చేది రాత్రిపూట, చట్టం నిద్రపోయే వేళ. తెల్లారి తలలు పగిలితే స్టేషన్లో రాసుకునేది అన్నదమ్ముల గొడవ అని. కేసులో వాన పేరు ఎక్కడా కనబడదు. పెద్ద అన్నదమ్ములదీ ఇదే వరస. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజు తెల్లవారుజామున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ ఎక్కి 26 గేట్లలో 13 మావంటూ ముళ్లకంచె వేశారు. కరువు కాదు, వాటాల లెక్క!

వెళ్లినవాళ్ల జాడ ఎవరూ పట్టించుకోరనడమూ అబద్ధమే. బెంగళూరులో ఏ రేకుల షెడ్డులో ఎన్ని ఓట్లున్నాయో మన నాయకులకు నోటికి వచ్చు. ఎన్నికలొస్తే బస్సు పంపిస్తారు, దారిలో బిర్యానీ పెట్టిస్తారు. తిరుగు ప్రయాణానికి టికెట్ మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి.