వాంగ్ షువాంగ్ డాబా కథ: తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట కాలేజీ స్నేహితుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న మా బావ దగ్గర్నుంచి. పైన చైనా ఫుట్‌బాల్ క్రీడాకారిణి వాంగ్ షువాంగ్ ఫొటో, కింద పొడుగాటి రాత. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను.

పల్లెటూరి పేదపిల్ల వాంగ్ షువాంగ్ లాక్‌డౌన్‌లో డాబా మీద ఒంటరిగా ప్రాక్టీసు చేసి, తన దేశాన్ని ఒంటిచేత్తో ఒలింపిక్స్‌కి తీసుకెళ్లిందట. అక్కడ 4 గోల్స్ కొట్టి జాంబియాని ఓడించిందట. అంతకుముందు ఒకే మ్యాచ్‌లో 9 గోల్స్‌తో ప్రపంచ రికార్డు పెట్టిందట. దేశం కోసం పారిస్ క్లబ్బు ఇచ్చే కోట్లు కాలదన్నిందట. 2022లో ముంబైలో ఫైనల్ గోల్ కొట్టి ఆసియా కప్ గెలిపించిందట. అదే టోర్నీలో మన అమ్మాయిలు జ్వరానికి భయపడి, ఆట మానేసి ఇంటికి పోయారట. ఆఖర్న పెద్ద అక్షరాలతో ఒక ఉపదేశం: గ్రౌండ్ లేదు, కోచ్ లేడు అని ఏడవకండి, పట్టుదల ఉంటే డాబా చాలు.

బావ దాన్ని నాకు పంపి ఊరుకుంటే నేనూ చదివి ఊరుకునేవాణ్ణి. తన కూతురికి కూడా పంపాడు. మా మేనకోడలికి పదమూడేళ్లు, రెండేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతోంది. సాయంత్రం ఫోన్ చేసింది. "మామయ్యా, గ్రౌండ్‌కి ఆటో దండగ అంటున్నారు నాన్న. ఇక డాబా మీదే ఆడుకోమన్నారు" అంది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను.

పల్లెటూరి పిల్ల కాదు. పుట్టింది వుహాన్‌లో. కోటి దాటిన జనాభా ఉన్న నగరం అది.

9 గోల్స్ నిజమే. 2018 ఆసియా క్రీడల్లో తజికిస్తాన్ మీద, 56వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి మరీ కొట్టింది. కానీ ఆ మ్యాచ్ స్కోరు 16-0. అవతలి జట్టు ఎలాంటిదో వేరే చెప్పాలా? అదే టోర్నీ ఫైనల్లో జపాన్ చేతిలో చైనా 0-1తో ఓడిపోయింది.

పారిస్ సంగతి. 2018లో పారిస్ సెయింట్ జర్మేన్‌లో చేరింది, ఒక సీజన్ ఆడి 2019లో వుహాన్‌కి తిరిగొచ్చింది. ఆ తర్వాత 2022లో అమెరికా వెళ్లి రేసింగ్ లూయిస్‌విల్‌కి ఆడింది, ఆపైన లండన్‌లో టాటెన్‌హామ్‌కి ఆడింది. విదేశీ డబ్బుని కాలదన్నిన మనిషి మళ్లీ రెండుసార్లు ఎందుకు వెళుతుంది? ఆడేవాళ్లు క్లబ్బులు మారతారు. అది వాళ్ల ఉద్యోగం, అందులో దేశభక్తి పరీక్ష ఏమీ లేదు.

ముంబై ఫైనల్. 2022 ఫిబ్రవరి 6, డీవై పాటిల్ స్టేడియం. దక్షిణ కొరియా 2-0తో ముందుంది. చైనా వెనకనుంచి వచ్చి 3-2తో గెలిచింది. ఆ మూడు గోల్స్ తాంగ్ జియాలీ, జాంగ్ లిన్యాన్, షియావో యుయీ కొట్టినవి. ఆఖరిది ఇంజురీ టైమ్‌లో. ఆ ముగ్గురి కష్టాన్నీ ఈ మెసేజ్ తీసుకెళ్లి ఇంకొకరి ఖాతాలో వేసింది.

జాంబియా. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మ్యాచ్ అది. 4 గోల్స్ ఆమెవే, ఒప్పుకుంటాను. అయితే ఆ మ్యాచ్‌లో ఎవరూ ఓడలేదు, 4-4తో డ్రా అయింది. అవతల బార్బ్రా బాండా హ్యాట్రిక్ కొట్టింది. షువాంగ్ నాలుగో గోల్ 83వ నిమిషంలో పెనాల్టీ, దానివల్లే ఆ ఒక్క పాయింటైనా దక్కింది. గ్రూపులో మిగతా రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు, బ్రెజిల్ చేతిలో 0-5, నెదర్లాండ్స్ చేతిలో 2-8. చైనా గ్రూపులో ఆఖరి స్థానంలో నిలిచి ఇంటికొచ్చింది. ఒక మనిషి ఒకే మ్యాచ్‌లో 4 గోల్స్ కొట్టినా జట్టు గెలవలేదు. ఫుట్‌బాల్‌లో "ఒంటిచేత్తో" అన్న మాట ఎంతవరకు చెల్లుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు ఆ ఒలింపిక్స్‌కి ఎలా వెళ్లారో చూద్దాం. అసలు క్వాలిఫయింగ్ టోర్నీ 2020 ఫిబ్రవరిలో ఆమె సొంతూరు వుహాన్‌లోనే జరగాలి. కరోనా వల్ల నాన్జింగ్‌కి మార్చారు, అక్కణ్ణుంచి సిడ్నీకి మార్చారు. వుహాన్‌ని మూసేయడంతో షువాంగ్ లోపలే చిక్కుకుపోయింది. మిగతా జట్టు ఆస్ట్రేలియా వెళితే బ్రిస్బేన్‌లో హోటల్ గదుల్లో క్వారంటైన్‌లో పెట్టారు. ఆ అమ్మాయిలు హోటల్ వరండాలో బారుగా నిలబడి వ్యాయామం చేసిన ఫొటోలు అప్పట్లో పేపర్లలో వచ్చాయి. బయటికొచ్చి థాయ్‌లాండ్‌ని 6-1తో, చైనీస్ తైపేని (తైవాన్ జట్టుని) 5-0తో ఓడించారు, ఆస్ట్రేలియాతో 1-1 డ్రా చేశారు. షువాంగ్ ఆ మ్యాచ్‌లు ఒక్కటీ ఆడలేదు. జట్టుని ప్లేఆఫ్ దాకా తెచ్చింది హోటల్ వరండాలో ఎక్సర్‌సైజులు చేసిన ఆ అమ్మాయిలు.

ప్లేఆఫ్ అంటే ఒలింపిక్స్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే రెండు మ్యాచ్‌ల పోరు, దక్షిణ కొరియాతో. అది వాయిదా మీద వాయిదా పడి 2021 ఏప్రిల్‌లో జరిగింది. ఇక్కడ నేను మెసేజ్ రాసినవాళ్లతో పూర్తిగా ఏకీభవిస్తాను. కొరియాలో మొదటి మ్యాచ్ చైనా 2-1తో గెలిచింది, గెలిపించిన పెనాల్టీ షువాంగ్‌ది. చైనాలోని సుజౌలో రెండో మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌కే చైనా 0-2తో వెనకబడింది. ఆమె ఫ్రీకిక్‌కి యాంగ్ మాన్ తల ఆనించి ఒకటి తగ్గించింది. ఎక్స్‌ట్రా టైమ్, 104వ నిమిషం, ఆమె ఎడమ కాలితో దూరం నుంచి కొట్టింది. బంతి వెళ్లి వలలో పడింది. ఆ గోల్ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రెండు మ్యాచ్‌లు కలిపి 4-3. ఆ రాత్రి ఆమె లేకపోతే చైనా టోక్యోకి వెళ్లేది కాదు. ఆ ఘనతలో ఒక్క రవ్వ కూడా తగ్గించను.

కానీ ఆ షాట్ డాబా మీద నేర్చుకున్నది కాదు.

డాబా మీద ప్రాక్టీసు చేసిన మాట నిజం. ఎప్పుడు చేసింది? రెండు ప్రపంచ కప్‌లు ఆడాక, 2018లో ఆసియా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకున్నాక, పారిస్‌లో ఒక సీజన్ గడిపాక. చిన్నప్పట్నుంచీ కోచ్‌ల చేతుల్లో పెరిగిన కాళ్లు అవి. ఉన్న ఫిట్‌నెస్ పోకుండా కాపాడుకోవడానికి, గత్యంతరం లేక డాబా ఎక్కింది. అంత చేసినా ఆ ఫిబ్రవరి టోర్నీకి వెళ్లలేకపోయింది. గ్రౌండ్ దొరక్కపోతే ఎంత గొప్ప ఆటగత్తెకైనా ఎంత నష్టమో చెప్పే కథ ఇది. దాన్ని తలకిందులు చేసి, గ్రౌండ్ అక్కర్లేదనడానికి వాడుతున్నారు.

మా అక్కావాళ్ల డాబా నాకు బాగా తెలుసు. ఒక మూల వాటర్ ట్యాంకు, మధ్యలో బట్టల తీగ, ఎండాకాలమైతే సగం చాపలు పరిచి వడియాలు. పిట్టగోడ నా నడుం ఎత్తు. ఈ చివరనుంచి ఆ చివరకి పట్టుమని పదిహేను అడుగులు వేస్తే అయిపోతుంది. పోయినేడు పిల్ల కాస్త గట్టిగా కొడితే బంతి గోడ దాటి కింద స్కూటర్ అద్దం మీద పడింది. ఆ రోజునుంచి మెల్లగా తడుతుంది. రోజూ బంతిని మెల్లగా తట్టడం అలవాటైన కాలు రేపు గ్రౌండ్‌లో ముప్ఫై మీటర్ల పాస్ ఎలా ఇస్తుంది? సిమెంటు మీద ఒక్కసారిగా మలుపు తిరిగితే మోకాలు ఏమవుతుంది? పాస్ అందుకోవడానికి అవతల ఇంకో పిల్ల ఉండాలి కదా, ఆ పిల్లని ఎక్కణ్ణుంచి తెస్తాం? నిజామాబాద్ జిల్లానుంచి గుగులోతు సౌమ్య భారత జట్టుకి ఆడింది, క్రొయేషియాలో దినామో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లింది. ఆమెకి గ్రౌండ్ ఉంది, నేర్పిన కోచ్ ఉన్నాడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట. మన అమ్మాయిలు భయపడి ఇంటికి పోయారన్నది.

1980 తర్వాత ఆసియా కప్ మళ్లీ మన గడ్డ మీద జరిగింది 2022లోనే. 2023 ప్రపంచ కప్‌కి దారి కూడా అదే. జనవరి 20న ఇరాన్‌తో మనవాళ్లు 0-0 డ్రా చేసుకున్నారు. చైనీస్ తైపేతో తర్వాతి మ్యాచ్ ముందు కరోనా టెస్టులు చేస్తే 12 మందికి పాజిటివ్. జట్టులో ఉన్నదే 23 మంది. నిబంధన ప్రకారం కనీసం 13 మంది ఉంటే గాని మ్యాచ్ లేదు. 23లోంచి 12 తీసేస్తే ఎంత? ఆడతామన్నా ఆడనివ్వరు. మ్యాచ్ జరగలేదు. టోర్నీనుంచి వైదొలగినట్టు లెక్కకట్టారు, ఇరాన్‌తో తెచ్చుకున్న డ్రాని కూడా కొట్టేశారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన టోర్నీ హోటల్ గదిలో కూర్చోగా ముగిసిపోయింది. వాళ్లని పట్టుకుని పిరికివాళ్లంటారా? ఒక్కసారైనా ఆ గదిలో ఉన్న పిల్ల మనసు ఊహించారా?

తేదీలు చూడండి. వుహాన్‌ని మూసేసింది 2020 జనవరి 23న. షువాంగ్ ఇరవై అయిదో పుట్టినరోజు అది. మన మ్యాచ్ ఆగిపోయింది 2022 జనవరి 23న. సరిగ్గా రెండేళ్లు. అదే రోగం. ఆమె గది దాటి టోర్నీకి వెళ్లలేకపోతే మనం కన్నీళ్లు పెట్టుకుని షేర్ చేస్తున్నాం. మన పిల్లలు గది దాటి గ్రౌండ్‌కి వెళ్లలేకపోతే పిరికివాళ్లంటున్నాం. ఆమె అప్పుడు ఆడకపోవడం ఆమె తప్పు కాదు. మనవాళ్లు ఆడకపోవడం వాళ్ల తప్పు ఎలా అయింది?

ఒకటి ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం టీవీలో వార్త చూసి నేనూ అన్నాను, "సొంత దేశంలో ఆ మాత్రం జాగ్రత్తగా ఉండలేకపోయారా" అని. పక్కనే మా మేనకోడలు ఉంది, అప్పటికి చాలా చిన్నది. 13 మంది నిబంధన సంగతి మర్నాడు పేపర్లో చదివాక గాని నాకు తెలియలేదు. కాబట్టి మెసేజ్ పంపినవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. తెలుసుకున్నాక కూడా పంపితే మాత్రం ఊరుకోను.

షువాంగ్ మళ్లీ వుహాన్‌కి ఆడటానికి వచ్చింది. 2025 మేలో వుహాన్ జియాంగ్డా జట్టు సొంత ఊళ్లోనే ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్ గెలిచింది, మెల్‌బోర్న్ సిటీ మీద పెనాల్టీల్లో. కావాలంటే దాన్ని ఫార్వర్డ్ చేయండి. నిండా పచ్చిక ఉన్న గ్రౌండ్‌లో, పూర్తి జట్టుతో గెలిచిన కప్పు అది.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. శనివారం పొద్దున ఆరింటికి నేనే బండి మీద వచ్చి దాన్ని గ్రౌండ్‌కి తీసుకెళతాను. బూట్లు డాబా మీద ట్యాంకు పక్కన ఆరేసి ఉన్నాయట. మంచు పడకముందే లోపల పెట్టించు.